ఆ సీరియల్‌లో రాజకీయం ఉంది, అయితే ఆపెయ్యాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది తిరుపతి. రెండేళ్ల కిందట రిటైరయ్యాను. మా అమ్మాయి ఇక్కడే లా మూడో సంవత్సరం చదువుతోంది. రాత్రి భోజనాలయ్యాక తండ్రీకూతుళ్లం కూర్చుని 'బోస్టన్ లీగల్' అనే పాత అమెరికా సీరియల్ చూస్తున్నాం. కింద అక్షరాలు పడతాయి కాబట్టి నాకూ అర్థమవుతుంది. మొన్న మా బావమరిది వచ్చి రెండు భాగాలు చూశాడు. 'ఇది సీరియల్ కాదు బావా, ఒక పార్టీ ప్రచారం. పిల్ల బుర్ర పాడుచేస్తున్నావు' అన్నాడు. 'అందులో రాజకీయమేముంది మామా, కేసులే కదా' అంది అమ్మాయి. ఇద్దరికీ పెద్ద వాదన అయింది. వాడు అలిగి ఆ రాత్రే మంగళంలో ఇంటికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నాకూ టెన్షన్‌గానే ఉంది. ఒకప్పుడు ఎదురు చెప్పని పిల్ల ఇప్పుడు నేనేం మాట్లాడినా 'ఆధారమేంటి నాన్నా' అంటోంది. కోర్టు సీరియళ్లలో నిజంగానే ఇలాంటి సందేశాలు దూరుస్తారా? చూడటం ఆపెయ్యమంటారా?
ఒక తండ్రి, బైరాగిపట్టెడ

సమాధానం:

అన్నగారూ, ముందు తీర్పు చెప్పేసి కారణాలు తర్వాత చెబుతాను. మీ బావమరిది సగం గెలిచాడు. మీ అమ్మాయి ఓడిపోయింది. ఆ సీరియల్‌లో రాజకీయం ఉంది, దాన్ని వాళ్లు దాచనైనా దాచలేదు. ఇక పిల్ల బుర్ర పాడవుతుందన్నది వేరే ఆరోపణ. దానికి ఆయన సాక్ష్యమేమీ పెట్టలేదు, ఊరికే అనేసి మంగళం వెళ్లిపోయాడు.

అది ఎప్పుడొచ్చిందో చూడండి. 2004 అక్టోబరులో మొదలైంది, 2008 డిసెంబరులో అయిపోయింది. అంటే బుష్ రెండోసారి గెలవడానికి నెల ముందు మొదలై, ఒబామా గెలిచిన నెలకు మూటకట్టుకుంది. ఆ నాలుగేళ్లూ ఇరాక్ యుద్ధం నడుస్తూనే ఉంది. దాన్ని సృష్టించిన డేవిడ్ ఇ. కెల్లీ టీవీకి రాయడానికి ముందు బోస్టన్‌లోనే వకీలుగా పనిచేసినవాడు. వకీలు చేతిలో కలం, బయట యుద్ధం, ఎదురుగా దేశమంతా చూసే ఛానల్. మడి కట్టుకుని కూర్చుంటాడా?

రెండో సీజన్‌లో పన్ను కట్టనని మొండికేసిన ఆమె కేసు మీకు గుర్తుండే ఉంటుంది. ఆమె తరఫున సీరియల్‌లో హీరో వకీలు ఆలన్ షోర్ లేస్తాడు. పన్ను చట్టం గురించి ఎంతసేపు మాట్లాడాడు? యుద్ధం గురించి, ఖైదీలను హింసించడం గురించి, జనం ఫోన్లు చాటుగా వినడం గురించి ఎంతసేపు మాట్లాడాడు? ఈసారి గడియారం పక్కన పెట్టుకుని చూడండి. అది ఆర్గ్యుమెంటు కాదు, బహిరంగ సభ. వకీలుగా మా జడ్జిగారి ముందు నేను అట్లా మొదలుపెడితే రెండో వాక్యానికే 'రికార్డులో ఉన్నది చెప్పండమ్మా' అంటారు.

నాలుగో సీజన్‌లో ఇంకా ముందుకెళ్లారు. లూసియానా రాష్ట్రంలో పసిపిల్లపై అత్యాచారం కేసులో మరణశిక్ష పడిన మనిషి తరఫున ఆలన్ ఏకంగా అమెరికా సుప్రీంకోర్టుకే వెళతాడు. మీరు పెద్ద కంపెనీల పక్షం అని ఆ జడ్జీలను ముఖం మీదే దులిపేస్తాడు. ఆ భాగం 2008 ఏప్రిల్‌లో ప్రసారమైంది. సరిగ్గా అదే నెలలో అసలు సుప్రీంకోర్టులో అలాంటి లూసియానా కేసే వాదనకు వచ్చింది. జూన్‌లో తీర్పు: బాధితురాలు ప్రాణాలతో ఉన్న అలాంటి కేసుల్లో మరణశిక్ష చెల్లదని, అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. కోర్టులో కేసు నలుగుతుండగానే టీవీలో ఆర్గ్యుమెంటన్నమాట!

అదే విషయంలో మన దేశం ఎటు నడిచిందో మీ అమ్మాయిని అడగండి. 2018లో మన చట్టం సవరించి, 12 ఏళ్లలోపు ఆడపిల్లపై అత్యాచారానికి మరణశిక్ష దాకా వేయొచ్చన్నారు. సీరియల్ ఒకటి చెబుతోంది, మన చట్టం ఇంకొకటి చెబుతోంది. నాకూ ఒక అభిప్రాయం ఉంది, ఆ పిల్ల వచ్చి అడిగితే చెబుతాను. కానీ లా చదివే పిల్ల ఆ రెండింటి మధ్య నిలబడి కాస్త తల గోక్కోవాలి గదా. 'కేసులే కదా' అని దాటేస్తే ఎట్లా?

మరి మీ బావమరిది సగమే ఎందుకు గెలిచాడంటే, ఆలన్‌తో అదే ఆఫీసులో ఉండే పెద్ద వకీలు డెన్నీ క్రేన్ ఉన్నాడు కాబట్టి. ఆయన ఆలన్‌కు పూర్తిగా ఎదుటి పార్టీ. తుపాకులంటే ప్రాణం, ప్రభుత్వం చేసే యుద్ధానికి జై, తన పేరు తానే స్తోత్రంలా జపించుకుంటూ తిరుగుతాడు. ఒట్టి ప్రచారమే అయితే ఆయన్ని విలన్ని చేసేవాళ్లు. చెయ్యలేదు. మతిమరుపు మొదలై లోలోపల భయపడుతున్న ముసలాయన్ని చేశారు. రోజంతా ఒకరినొకరు ఖండించుకుని, రాత్రి బాల్కనీలో పక్కపక్కన కూర్చుని చుట్ట కాలుస్తారు ఇద్దరూ. మీ బావమరిది ఆ బాల్కనీ దాకా ఉండకుండానే లేచిపోయినట్టున్నాడు.

అయినా ఒకటి గమనించాను. ప్రేమ డెన్నీకి దక్కింది, చివరి ఆర్గ్యుమెంటు ఆలన్‌కి దక్కింది. ముప్పై ఏళ్లు కోర్టు బెంచీల మీద నలిగిన మనిషిగా చెబుతున్నా, ఆ రెండింట్లో ఒకటి ఏరుకోమంటే నేను రెండోదే తీసుకుంటాను.

(అయిదో సీజన్ చివర్లో మీ ఇంట్లో ఇంకో రాత్రి వాదన ఖాయం. దేనిమీదో ఇప్పుడే చెప్పను.)

అక్కడి సీరియళ్లలో అంతంత ప్రసంగాలు ఎట్లా కుదురుతాయంటారా? అక్కడ జ్యూరీ ఉంటుంది. చట్టం చదవని 12 మంది మామూలు మనుషులను కదిలించాలి. నిజానికి ఆ కుర్చీల్లో కూర్చున్నది మనమే. ఆలన్ షోర్ జ్యూరీ వైపు తిరిగాడంటే మీ సోఫా వైపు తిరిగాడని అర్థం. మన దగ్గరా ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959 నాటి నానావతి కేసులో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపినా, పత్రికలు ఆ నేవీ అధికారిని హీరోని చేశాయి, బొంబాయి జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అనేసింది. జడ్జిగారు ఒప్పుకోక హైకోర్టుకు పంపితే అక్కడ శిక్ష పడింది. 1973లో కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ వచ్చేసరికి అందులో జ్యూరీకి చోటే లేదు. అందుకే మా వాదనలు టీవీకి పనికిరావు.

జనానికి మాత్రం ఆ ప్రసంగమే కావాలి. చాలా ఏళ్ల కిందట బంగారుపాళెం వైపు నుంచి ఒక మామిడి రైతు చిత్తూరు కోర్టుకు వచ్చేవాడు, తోట గట్టు తగాదా. అడంగల్ (ఊరి భూమి లెక్క), కోర్టు పంపిన కమిషనర్ రిపోర్టు రెండూ మా వైపే ఉన్నాయి. ఎదుటి సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండే ప్రశ్నలు అడిగి కూర్చున్నాను. కేసు గెలిచాం. ఆయన బయటికొచ్చి, 'గెలిచినాం సరే గానీ లాయరమ్మా, మీరేం మాట్లాడితిరి? సినిమాలో మాదిరి ఒక్కసారి గూడా అరవలేదే' అన్నాడు. ఆ అసంతృప్తి ఫీజులో బాగానే కనబడింది. తోతాపురి కాయలు మాత్రం ఒక గంప ఇచ్చాడు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. గొంతెత్తి చెప్పే సందేశం గురించి నాకు బెంగ లేదు. అది వినబడుతుంది కాబట్టి మీ బావమరిదికి కోపం వచ్చింది. కోపం వచ్చిందంటే ఆయన బుర్ర పనిచేసినట్టే. చప్పుడు చెయ్యకుండా లోపలికి వచ్చి కూర్చునేది వేరే ఉంది.

అమెరికాలో 1957 నుంచి 1966 వరకు 'పెర్రీ మేసన్' వచ్చేది. ఆ వకీలు దగ్గరికి వచ్చే ముద్దాయి నిర్దోషిగానే తేలతాడు, అసలు నేరస్తుడు బోనులోనే కుప్పకూలి ఒప్పేసుకుంటాడు. 1990లో 'లా అండ్ ఆర్డర్' మొదలైంది. అందులో సగం కథ పోలీసులది, సగం ప్రాసిక్యూటర్లది. ముద్దాయి తరఫు వకీలు అడ్డుపుల్ల వేసేవాడిలా కనబడతాడు. మొదటిది చూసి పెరిగినవాడికి కోర్టంటే నిజం దానంతట అదే బయటపడే చోటు. రెండోది చూసి పెరిగినవాడికి పోలీసులు పట్టుకొచ్చారంటే వాడే చేసుంటాడు. ఏ పార్టీ జెండా పట్టుకోకుండానే రెండూ ఇంత పని చేశాయి. కథ ఎవరి గుమ్మంలో మొదలవుతుందన్న దాంట్లోనే సగం తీర్పు అయిపోతుంది. నేను ఏ దొంగతనం కేసులోనో ముద్దాయికి వకాల్తా వేస్తే, మా వీధిలో వాళ్లు ఇప్పటికీ 'వాడి తరఫునా మీరు?' అంటారు. ఈ మాట వాళ్లకు ఏ నాయకుడూ నేర్పలేదు.

మన తెలుగు సీరియళ్లలో కోర్టు సీన్ల సంగతి ఎత్తితే తెల్లారిపోతుంది. జడ్జిగారి చేతిలో సుత్తి, భగవద్గీత మీద చెయ్యి, ఆఖరి నిమిషంలో తలుపు తోసుకుని 'ఆగండి' అంటూ వచ్చే సాక్షి. మా కోర్టుల్లో సుత్తీ ఉండదు, గీతా ఉండదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి పేరు మీద గానీ, మనస్సాక్షి మీద గానీ చెబితే చాలు. ఇవన్నీ నవ్వుకునే తప్పులు, పోనిద్దాం. నవ్వలేనిది ఇంకొకటుంది. ఆ సీరియళ్లలో కోర్టు మెట్లెక్కే ఆడది ఎవరో ఎప్పుడైనా చూశారా? ఎక్కువసార్లు గయ్యాళి కోడలే. మంచి కోడలు ఏడుస్తుంది, ఓర్చుకుంటుంది, సంతకం పెట్టమన్న చోట పెడుతుంది.

భర్త వదిలేసి వెళ్లిన ఒకామె మూడేళ్ల తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఇద్దరు పిల్లలు. మనోవర్తికి ఇన్నాళ్లూ ఎందుకు వెయ్యలేదమ్మా అంటే, 'కోర్టుకెక్కితే సంసారం పోయినట్టే గదక్కా' అంది. పోవడానికి అక్కడేం మిగిలిందో ఆమెకే తెలియాలి. ఎవరు చెప్పారు ఆ మాట అని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. సీరియల్ వల్లే అని నేను ప్రమాణం చెయ్యను. ఊరూ, ఇల్లూ, పెద్దలూ అందరూ కలిసి అన్న మాటే అది. కానీ ఎవరూ చెప్పకుండా మనసులో కూర్చున్న మాటను పెకిలించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆలన్ షోర్ ప్రసంగం నా మనసులోంచి మర్నాడు కాఫీ వేళకే జారిపోతుంది. (చదివేవాళ్లలో అలాంటి అమ్మ ఎవరైనా ఉంటే: 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. 15100కి ఫోన్ చెయ్యండి.)

కోర్టు కథలో సందేశం ఉండటమే తప్పనుకుంటే మన చిత్తూరు వైపు గుళ్ల ముందు ఆడే భారతాలు ఆపెయ్యాలి అన్నగారూ. మాది చిత్తూరు దగ్గర పల్లె. ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి ముందు 18 రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం. మీరూ చూసే ఉంటారు, ఎక్కడి నుంచో బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు, ఆఖరున దుర్యోధనుడి మట్టి బొమ్మను పడగొట్టే రోజు జనం ఇసక వేస్తే రాలేది కాదు. నాకు మాత్రం వస్త్రాపహరణం రాత్రే గుర్తు. మీసం గొరిగించుకున్న మగాయనే ద్రౌపది వేషం కట్టేవాడు. సభలో నిలబడి ఒక్క ప్రశ్న వేస్తుంది: ఆయన ముందు తనను ఓడిపోయి తర్వాత నన్ను ఒడ్డాడా, నన్ను ఓడిపోయి తర్వాత తనను ఒడ్డాడా? దాసుడైపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిది అని. ఇంతకంటే చక్కటి లా పాయింటు ఏ సీరియల్‌లో వచ్చింది చెప్పండి! తనది కానిదాన్ని అమ్మినవాడి దగ్గర కొన్నవాడికి ఏం దక్కుతుంది? నేను సివిల్ కోర్టులో సగం జీవితం ఆ ఒక్క ప్రశ్న మీదే బతికాను.

చూడండి, ఆ సభలో వాదన ఒకవైపే లేదు. వికర్ణుడు లేచి ఆమె పక్షం మాట్లాడతాడు. కర్ణుడు వెంటనే లేచి, సర్వస్వం ఒడ్డినప్పుడు ఆమె అందులో లేదా అని గట్టిగానే వాదిస్తాడు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తప్పుకుంటాడు. నాటకం ఆడేవాళ్లు కర్ణుడి పద్యం మెల్లగా పాడేవాళ్లు కాదు, అదీ గొంతు చించుకునే పాడేవాళ్లు. నా పక్కన కూర్చున్న మా అవ్వ మాత్రం, 'అడిగింది గదా, ఒక్కడన్నా జవాబు చెప్పినాడా?' అంది. అవ్వకు చదువు రాదు. ఆమె చెవి కమ్మలు తాత చెప్పకుండా తాకట్టు పెట్టిన సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ రాత్రి ఎవరూ ఆ నాటకం వాళ్లను మీదే పార్టీ అని అడగలేదు. నేను 'బోస్టన్ లీగల్'లో పట్టే తప్పు ఇదీ: అందులో రాజకీయం ఉందని కాదు, కర్ణుడికి సరైన పద్యం ఇవ్వలేదని. ఆలన్‌కు ఎదురు నిలిచిన వకీలు చాలాసార్లు నీళ్లు నములుతాడు. ప్రశ్న ఆలన్‌దే, జవాబూ ఆలన్‌దే. చూసేవాళ్లకు మిగిలే పనేముంది?

ఆ పని మీ అమ్మాయికి అప్పగించండి. ఆలన్ చివరి ఆర్గ్యుమెంటుకు లేవగానే సీరియల్ ఆపండి. మీ అమ్మాయి లేచి ఎదుటి పక్షం తరఫున అయిదు నిమిషాలు వాదించాలి. తనకు నచ్చని పక్షమైతే మరీ మంచిది. మా సీనియర్ నా చేత ఇదే చేయించేవారు. ఎదుటివాడి కేసు వాడికంటే బాగా చెప్పగలిగితే తప్ప మన ఫైలు ముట్టుకోనిచ్చేవారు కాదు. మీరు జడ్జి. తర్వాత సీరియల్ నడిపించి ఆలన్ ఏం తప్పించుకున్నాడో చూడండి. నాలుగు రోజులు ఇట్లా చేస్తే, ఏ మాట చట్టం నుంచి వచ్చింది, ఏ మాట రాసినవాడి ఓటు నుంచి వచ్చింది అనేది ఆ పిల్లే పట్టేస్తుంది. ఆపెయ్యమని మాత్రం చెప్పకండి. ఆపితే ఫోన్‌లో ఒంటరిగా చూస్తుంది, అప్పుడు ఎదురు వాదించేవాళ్లే ఉండరు.

ఇక 'ఆధారమేంటి నాన్నా' గురించి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అసలు బాధ అమెరికా రాజకీయం కాదేమో అనిపించింది. ఆ మాట నేర్పింది సీరియల్ కాదన్నగారూ, లా కాలేజీ. దానికి ఫీజు కట్టింది మీరే. అడిగినప్పుడు ఆధారం ఉంటే చూపించండి, లేకపోతే 'లేదమ్మా' అనండి. మొదటిసారి కాస్త కష్టంగానే ఉంటుంది. మా అబ్బాయి దగ్గర నేనూ పడ్డాను.

బావమరిదికి ఫోన్ చేసి పిలవండి. డెన్నీ క్రేన్ వకాల్తా ఆయనకిచ్చేయండి, సంతోషంగా వస్తాడు. ఈసారి బాల్కనీ సీను దాకా కూర్చోబెట్టండి.

ఇంకో పని. ఏదైనా ఒక పనిరోజున ముగ్గురూ కలిసి కోర్టుకు వెళ్లండి. అత్యాచారం, పోక్సో లాంటి కేసులు తప్ప మిగతావి బహిరంగంగానే జరుగుతాయి, ఎవరైనా వెనక బెంచీలో కూర్చోవచ్చు. బంట్రోతు మూడుసార్లు పేరు పిలవడం, బెంచి క్లర్కు కట్టలు మోయడం, ఇద్దరు వకీళ్లు లేచి నిమిషంలో వాయిదా తీసుకుని కూర్చోవడం చూస్తారు. పక్కన కూర్చున్న ముసలాయన్ని 'ఇది ఎన్నో వాయిదా తాతా' అని అడగమనండి మీ అమ్మాయిని. పదిన్నరకు మొదలవుతుంది, పదికల్లా వెళితే చోటు దొరుకుతుంది. ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోమని బావమరిదికి ముందే చెప్పండి. అది మోగిందంటే జడ్జిగారు ఏ పార్టీ అని అడగరు.